చలికాలంలో ఫలక్‌నుమాలో ఒక్క రాత్రి: బుకింగ్ నుంచి బిల్లు దాకా

హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లలో కూడా ఇప్పుడు తాజ్ హోటల్‌గా నడుస్తున్న ఫలక్‌నుమా ప్యాలెస్‌ను దూరం నుంచి, కొండ మీద కనిపించే కట్టడంగా మాత్రమే ఎరిగినవాళ్లే ఎక్కువ. పాతికేళ్ల పెళ్లిరోజుకో, అమ్మానాన్నల షష్టిపూర్తికో, అమెరికా నుంచి పిల్లలు వచ్చినప్పుడో "ఒక్కసారి అక్కడ ఉండి చూద్దాం" అనుకునేవాళ్లు ఇప్పుడు పెరిగారు. అంత డబ్బు పెడుతున్నప్పుడు దాని విలువంతా చేతికి అందాలి కదా. అందుకే ఈ వివరాలన్నీ వరసగా రాస్తున్నాను.

నా సలహా మొత్తం ఒక్క మాట మీద నడుస్తుంది. రెండు రాత్రులకు డబ్బు కట్టి, పగలంతా ఊరు తిరిగి, పడుకోవడానికి మాత్రం ప్యాలెస్‌కు చేరడం వద్దు. ఒక్క రాత్రే తీసుకోండి. కానీ చెక్-ఇన్ నుంచి చెక్-అవుట్ దాకా గేటు దాటకండి. మధ్యాహ్నం రెండు నుంచి మర్నాడు పన్నెండు దాకా ఇరవైరెండు గంటలు. మీరు డబ్బు పెడుతున్నది మంచానికి కాదు, ఆ గంటలకు. చార్మినార్, గోల్కొండ, షాపింగ్ అన్నీ ముందురోజో తర్వాతి రోజో పెట్టుకోండి. ఆ రోజులకు ఊళ్లో మామూలు హోటల్ చాలు, చుట్టాలిల్లయితే ఇంకా మంచిది.

ముందుగా ఆ చోటు గురించి కాస్త

కథ తెలిసి వెళ్తే కళ్లకు కనిపించేది రెట్టింపవుతుంది. ‘పైగా’ అనే కులీన వంశానికి చెందిన నవాబు వికార్-ఉల్-ఉమ్రా దీన్ని కట్టించారు. ఆయన హైదరాబాద్ సంస్థానానికి ప్రధానిగా కూడా పనిచేశారు. 1884లో పునాది వేస్తే పూర్తయ్యేసరికి దాదాపు పదేళ్లు పట్టింది. పైనుంచి చూస్తే తేలు ఆకారంలో ఉంటుందంటారు. ఖర్చు ఆయన్ని అప్పుల్లోకి దించింది. 1897 ప్రాంతంలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చాక ఇది రాజ అతిథుల విడిది అయింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ఇక్కడ బస చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు తలుపులు మూసే ఉన్నాయి. దాదాపు పదేళ్ల మరమ్మతుల తర్వాత 2010 నవంబరులో తాజ్ సంస్థ దీన్ని హోటల్‌గా తెరిచింది. ఆ మరమ్మతుల పనిని దగ్గరుండి నడిపించింది నిజాం కుటుంబానికి చెందిన ప్రిన్సెస్ ఎస్రా. గదులు, సూట్లు అన్నీ కలిపి 60. ఈ అంకె గుర్తుంచుకోండి. సీజన్లో గది ఎందుకు దొరకదో, రేటు ఎందుకు అలా ఎగురుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

తేదీ ఎలా ఎంచుకోవాలి

సగం డబ్బు ఆదా అయ్యేది ఇక్కడే. అందుకే ఈ పనికి ఒక సాయంత్రం కేటాయించండి.

హైదరాబాద్‌లో చలి నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత సాధారణంగా 14, 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. చలిగాలులు వీచిన రోజుల్లో ఇంకా తగ్గుతుంది. పగలు మాత్రం హాయిగా ఎండ కాస్తుంది. మే నెలలో మధ్యాహ్నం పూట ఏసీ గది వదిలి రాలేని ప్యాలెస్‌లో, డిసెంబరులో రోజంతా వరండాల్లో, తోటలో, మేడ మీద గడపొచ్చు. చలికాలమే వెళ్లమనడానికి కారణం ఇదే.

డిసెంబరు 20 నుంచి జనవరి 2 దాకా ఉన్న రోజులను వదిలేయండి. క్రిస్మస్, న్యూ ఇయర్, ఎన్నారైల సెలవులు అన్నీ అక్కడే కలుస్తాయి. డిసెంబరు 24, 31 రాత్రుళ్లకు పెద్ద హోటళ్లు చాలాచోట్ల గాలా డిన్నర్‌ను తప్పనిసరి చేస్తాయి. అది గది రేటుకు అదనం. పైగా మైకు మోగుతుంటే ఆ కొండ మీది ప్రశాంతత మీకు దక్కదు.

ఇక మన పంచాంగం చూడండి. కార్తీకం, మార్గశిరంలో ముహూర్తాలు దండిగా ఉంటే నగరంలోని పెద్ద హోటళ్లన్నీ పెళ్లిళ్లతో నిండిపోతాయి. ఫలక్‌నుమాలో పెళ్లి అంటే తోటలు, హాళ్లు, ఒక్కోసారి మొత్తం ప్యాలెస్ వాళ్లదే. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవగానే మన పెళ్లిళ్లు ఆగుతాయి, సంక్రాంతి దాకా ఉండవు. అందుకే డిసెంబరు 16 నుంచి 19 మధ్య, లేదా జనవరి 5 నుంచి 12 మధ్య, ఆదివారం రాత్రి నుంచి గురువారం రాత్రి లోపల ఒక రోజు చూసుకోండి. నా లెక్కలో ఏడాది మొత్తానికి ఇవే మంచి రోజులు.

సంక్రాంతి మూడు రోజులూ ఇంకో రకం అవకాశం. నగరం సగం ఖాళీ అవుతుంది. విజయవాడ హైవే మీద కార్లన్నీ ఊళ్ల వైపు పోతుంటే, మీరు ఎదురు దిశలో హాయిగా వస్తారు. పాతబస్తీ మేడల మీద ఎగిరే పతంగులు కొండ మీద నుంచి కనిపిస్తాయి. పండక్కి ఇంటి దగ్గర ఉండక్కర్లేని వాళ్లకు ఇది చాలా బాగుంటుంది.

ఫోన్ చేసి అడగాల్సినవి

ఆన్‌లైన్‌లో రేట్లు చూడండి, బుకింగ్ యాప్‌ల్లో పోల్చుకోండి. కానీ డబ్బు కట్టే ముందు హోటల్ రిజర్వేషన్ వాళ్లకు ఒక్క ఫోన్ చేయండి. నేరుగా బుక్ చేసుకున్నవాళ్లకు గది మార్పు, ఆలస్యంగా చెక్-అవుట్ లాంటివి అడిగే చనువు ఎక్కువ ఉంటుంది. తాజ్ మెంబర్‌షిప్‌లో చేరడం ఉచితం, మెంబర్ రేటు కాస్త తక్కువ ఉండొచ్చు. చేరాకే అడగండి.

మాట్లాడటానికి మొహమాటపడే వాళ్ల కోసం, ఇలా మొదలుపెడితే సరిపోతుంది:

"నమస్తే అండీ. జనవరి ఏడో తారీఖు ఒక రాత్రికి గది కావాలి, ఇద్దరం. ఆ రోజు ప్యాలెస్‌లో పెళ్లి గానీ, ప్రైవేట్ ఫంక్షన్ గానీ ఏమైనా ఉందా? ఉంటే దర్బార్ హాల్, డైనింగ్ హాల్, మేడ మా లాంటి అతిథులకు తెరిచి ఉంటాయా?"

ఈ ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. ఫంక్షన్ ఉందంటే తేదీ మార్చుకోండి. లేదంటే వరసగా ఇవి అడగండి:

- ఈ గది కిటికీ ఎటు తెరుచుకుంటుంది? నగరం వైపా, లోపలి తోట వైపా? ఫొటోలో చూపించే వ్యూ అన్ని గదులకూ ఉండదు.
- రేటులో బ్రేక్‌ఫాస్ట్ ఉందా? డిన్నర్, హై టీ కలిపిన ప్యాకేజీ ఉంటే తేడా ఎంత?
- చెప్పిన రేటు పన్ను కలిపా, కలపకుండానా?
- ఎప్పటిలోగా రద్దు చేసుకుంటే పూర్తి డబ్బు తిరిగొస్తుంది?
- గుర్రపు బగ్గీలో స్వాగతం ఉంటుందా, ఏ సమయానికి చేరాలి?
- ప్యాలెస్ చూపించే హెరిటేజ్ వాక్ ఎన్నింటికి?
- పెద్దవాళ్లు ఉంటే: మెట్లు ఎక్కే పని లేని గది దొరుకుతుందా?

ఒప్పుకున్నవన్నీ ఈమెయిల్‌లో రాసి పంపమనండి. ఫోన్లో "చూస్తాం మేడమ్" అన్న మాటకు రిసెప్షన్‌లో విలువ ఉండకపోవచ్చు. ఈమెయిల్‌కు ఉంటుంది.

డబ్బు లెక్క

గది రేటు తేదీని బట్టి విపరీతంగా మారుతుంది. శీతాకాలంలో పదుల వేలల్లోనే ఉంటుంది. లెక్క కోసం 50,000 అనుకుందాం. రోజుకు 7,500 రూపాయలు దాటిన గదికి జీఎస్టీ 18 శాతం. అంటే 9,000 కలిపి 59,000. ఇలాంటి హోటల్లో భోజనానికి కూడా 18 శాతమే పడుతుంది. ఇద్దరి డిన్నర్ 12,000 అయితే చేతికొచ్చే బిల్లు 14,160. పేరు మీద 50 వేల బస కాస్తా చూస్తుండగానే 75 వేలు అవుతుంది. కాబట్టి బడ్జెట్ వేసేటప్పుడు గది రేటుకు ఒకటిన్నర రెట్లు పక్కన పెట్టండి. అప్పుడు మెనూ కార్డు కుడివైపు కాలమ్ చూసి టెన్షన్ పడకుండా భోంచేయొచ్చు.

చెక్-ఇన్ సమయంలో అదనపు ఖర్చుల కోసం కార్డు మీద కొంత మొత్తం బ్లాక్ చేస్తారు. దీనికి క్రెడిట్ కార్డే ఇవ్వండి. డెబిట్ కార్డు ఇస్తే ఆ డబ్బు మీ ఖాతాలోంచి కదిలి, తిరిగి రావడానికి రోజులు పడుతుంది. పెద్ద మొత్తం నగదుగా కడితే పాన్ నంబరు అడుగుతారు. అసలు నగదు జోలికి పోకపోవడమే సుఖం.

బట్టలు, కాగితాలు

ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు కార్డు, పాస్‌పోర్ట్‌లలో ఒకటి, వచ్చే పెద్దవాళ్లందరికీ ఉండాలి. పాన్ కార్డులో చిరునామా ఉండదు కాబట్టి హోటళ్లు దాన్ని ఒప్పుకోవు. అమెరికా పౌరసత్వం తీసుకున్న పిల్లలు, మనవలు వస్తుంటే వాళ్ల పాస్‌పోర్ట్‌లు, ఓసీఐ కార్డులు అసలువి పట్టుకెళ్లాలి. విదేశీ పౌరుల వివరాలను హోటల్ ప్రభుత్వానికి పంపాలి. మనవడి పాస్‌పోర్ట్ బీరువాలో వదిలేసి రిసెప్షన్‌లో నిలబడితే ఆ మధ్యాహ్నం వృథా.

బట్టల గురించి చాలామంది అనవసరంగా కంగారుపడతారు. సూటు అక్కర్లేదు. పట్టుచీర, పంచె, కుర్తా ఆ పాలరాతి మెట్ల మీద ఏ డిజైనర్ గౌనుకూ తీసిపోవు. డిన్నర్‌కు షార్ట్స్, రబ్బరు చెప్పులు వేసుకోకండి, అంతే. ఒక శాలువా మాత్రం మరిచిపోవద్దు. కొండ మీద గాలి ఎక్కువ. సాయంత్రం ఆరు దాటాక మేడ మీద కూర్చోవాలంటే పెద్దవాళ్లకు అది లేకుండా కుదరదు. పాత రాతి కట్టడం, ఎత్తైన పైకప్పులు కాబట్టి రాత్రి చలి అనిపిస్తే ఇంకో రజాయి అడగండి. ఏసీలో హీటింగ్ ఉంటే పెట్టించుకోండి. స్నానానికి బకెట్, మగ్గు కావాలన్నా హౌస్‌కీపింగ్ వాళ్లు తెచ్చిస్తారు. అడగడంలో నామోషీ ఏమీ లేదు.

చేరడం

ప్యాలెస్ గేటు ఇంజిన్‌బౌలి దగ్గర, చార్మినార్‌కు దక్షిణంగా సుమారు ఐదు కిలోమీటర్లు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట మీదుగా రావడం తేలిక. మెహదీపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్‌లో దిగాలి. మ్యాప్ చార్మినార్ సందుల్లోంచి దారి చూపిస్తే వినకండి, ముఖ్యంగా శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు నమాజు వేళ. చలికాలం తెల్లవారుజామున పొగమంచు వల్ల విమానాలు ఆలస్యమవుతుంటాయి. ఢిల్లీ నుంచి పొద్దున్నే ఫ్లైట్ పట్టుకుని అదే రోజు ఇక్కడ చెక్-ఇన్ అయ్యేలా పెట్టుకోకండి. ముందురోజే హైదరాబాద్‌లో దిగండి.

గేటు దగ్గరికి రెండింటికల్లా చేరేలా బయల్దేరండి. అక్కడి నుంచి కొండ మీదికి బగ్గీలో తీసుకెళ్తారు. ప్యాలెస్ మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీ రేకులు చల్లుతారు. పెద్దవాళ్లను ముందు నడవనివ్వండి. ఫోన్ మీ చేతిలో ఉండాలి, వాళ్ల చేతిలో కాదు.

ఆ ఇరవైరెండు గంటలు

గదిలోకి వెళ్లగానే మంచమెక్కకండి. సామాను పెట్టి, మొహం కడుక్కుని బయటికి రండి. డిసెంబరులో సూర్యుడు ఆరు లోపే అస్తమిస్తాడు. వెలుగుండగా చూడాల్సినవి చాలా ఉన్నాయి.

నాలుగింటికి హై టీ. దీన్ని ముందే బుక్ చేసుకోవాలి. బయటి నుంచి వచ్చేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి అతిథులైనా సరే కుర్చీ ఖాయమని అనుకోవద్దు. హై టీ అంటే చాయ్ బిస్కెట్ కాదు, దాదాపు ఒక పూట భోజనం. ఆ రోజు మధ్యాహ్నం తేలిగ్గా తినండి.

తర్వాత హెరిటేజ్ వాక్. దీన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వదులుకోవద్దు. చూపించే మనిషితో పాటు నడుస్తూ రెండు చోట్ల ఆగండి. ఒకటి లైబ్రరీ. ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోట గ్రంథాలయాన్ని చూసి చేయించిన చెక్క పైకప్పు అది. తల పైకెత్తి నిదానంగా చూడండి. రెండోది డైనింగ్ హాల్. ఒకే బల్ల చుట్టూ 101 మంది కూర్చోవచ్చు. ఈ చివర మెల్లగా మాట్లాడిన మాట ఆ చివరికి వినిపించేలా గదిని కట్టారని చెబుతారు. ఇద్దరూ చెరో చివర కూర్చుని ప్రయత్నించవచ్చా అని అడగండి. మధ్యలోని కుర్చీ నిజాంది. ఆ బల్ల పొడవు ఫొటోలో పట్టదు. చివరి కుర్చీ వెనక నిలబడి ఒకసారి అటు చివరిదాకా చూస్తేనే తెలుస్తుంది, బల్ల అంచులు రైలు పట్టాల్లా దగ్గరవుతూ పోతాయి.

అస్తమయానికి పావుగంట ముందు ఏం చేస్తున్నా ఆపేసి మేడ మీదికి వెళ్లండి. కింద పాతబస్తీ అంతా పరుచుకుని ఉంటుంది. ఒక్కో వీధిలో దీపాలు వెలుగుతుంటాయి. మగ్రిబ్ అజాన్ ముందు ఒక మసీదులో మొదలై, క్షణాల తేడాతో ఇంకోదాంట్లో, మరోదాంట్లో అందుకుంటుంది. అన్నీ కలిసి కొండ మీదికి వినిపిస్తాయి. చలికాలపు పొగమంచు పల్చగా ఉన్న రోజు చార్మినార్‌ను వేలు పెట్టి చూపించమని అక్కడి సిబ్బందిని అడగండి. నా మట్టుకు నాకు ఆ అరగంట మొత్తం బస విలువ చేస్తుంది.

డిన్నర్‌కు రెండు దారులు. హైదరాబాదీ వంటలకు అదా, పాశ్చాత్య వంటలకు సెలెస్ట్. ఒక్క రాత్రే కాబట్టి నేనైతే అదా అంటాను. దమ్ బిర్యానీ, మరగ్, ఖుబానీ కా మీఠా ఈ ఊరివి, ఈ ఇంటివి. పాస్తా ఎక్కడైనా దొరుకుతుంది. శాకాహారులు, ఉల్లి వెల్లుల్లి తినని పెద్దలు ఉంటే బుకింగ్ ఈమెయిల్‌లోనే రాసేయండి. రాత్రి ఏడున్నరకే భోంచేసే నాన్నగారికి పెరుగన్నం కావాలన్నా వంటవాళ్లు చేసిస్తారు. ఇద్దరికి ఎన్ని వంటకాలు సరిపోతాయో వడ్డించేవాళ్లనే అడగండి, ఉన్నదున్నట్టు చెబుతారు.

భోజనం అయ్యాక తోటలో ఒక చుట్టు నడిచి పడుకోండి. అలారం ఆరుంపావుకు. చలికాలంలో సూర్యోదయం ఆరున్నర దాటాకే. వేరే అతిథులు ఇంకా లేవరు. మెట్లు, వరండాలు, ముందరి ఫౌంటెన్ హాలు మీవే. ఫొటోలు తీసుకోవాలంటే ఆ గంటే తీసుకోవాలి. ఫోన్ కెమెరాకు సాధారణంగా అభ్యంతరం చెప్పరు. పెద్ద కెమెరా, లైట్లు, ఫొటోగ్రాఫర్‌తో షూట్ అంటే ముందే అనుమతి, విడిగా ఫీజు ఉంటాయి.

బ్రేక్‌ఫాస్ట్ ఎనిమిదిన్నరకు వెళ్లండి. ఎండ పడే చోట బల్ల అడగండి. తొందరపడకండి.

బిల్లు, టిప్పు

బిల్లు ప్రింటౌట్ ముందురోజు రాత్రే ఒకసారి తెప్పించుకుని చూడండి. గదిలోని మినీబార్, లాండ్రీ, హై టీ రెండుసార్లు పడటం లాంటివి రాత్రి తీరిగ్గా సరిచేయించవచ్చు. పొద్దున పదకొండున్నరకు ఎయిర్‌పోర్టు కారు ఎదురుచూస్తుంటే కుదరదు. సర్వీస్ ఛార్జి అని కలిపి ఉంటే అది తప్పనిసరి కాదు. 2022లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు ఇదే చెబుతున్నాయి, 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. వద్దంటే తీసేయమని మర్యాదగా అడగవచ్చు.

టిప్పు మాత్రం ఇవ్వండి. బ్యాగులు మోసినవాళ్లకు, గది సర్దినవాళ్లకు, అమ్మగారి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించిన కుర్రాడికి చేతిలోనే పెట్టండి. మిగతా అందరి కోసం రిసెప్షన్‌లో ఉమ్మడిగా ఇవ్వాలనుకుంటే కవర్లో వేసి ఇవ్వొచ్చు. ఇందుకోసం రెండు వందలు, ఐదు వందల నోట్లు కొన్ని వెంట ఉంచుకోండి.

పన్నెండు దాటాక

సామాను రిసెప్షన్‌లోనే వదిలి పాతబస్తీ చూడటానికి వెళ్లొచ్చు, సాయంత్రం దాకా ఉంచుతారు. ముందు పిసల్‌బండ దగ్గరున్న పైగా సమాధులకు వెళ్లండి. రాత్రి మీరు పడుకున్న ప్యాలెస్ కట్టించిన వంశానివే అవి. సున్నపు గచ్చు నగిషీలు, రాతి జాలీలు మధ్యాహ్నపు ఎండలో చక్కగా కనిపిస్తాయి, జనం కూడా తక్కువే. తర్వాత చౌమహల్లా ప్యాలెస్. అది, సాలార్‌జంగ్ మ్యూజియం రెండూ శుక్రవారం మూసేస్తారు, కాబట్టి గురువారం రాత్రి బస చేసినవాళ్లు ఇవి ముందురోజు పొద్దునే చూసేయాలి. లాడ్‌బజార్ గాజులు, పత్తర్‌గట్టి ముత్యాలు సాయంత్రానికి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్య దాకా నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ ఉంటుంది. రాత్రి రైలు నాంపల్లి నుంచే అయితే అటు కూడా తొంగిచూడొచ్చు.

ఇంటికి వెళ్లాక ఒక్క పని మిగులుతుంది. చెక్-ఇన్‌లో కార్డు మీద బ్లాక్ చేసిన మొత్తం విడుదలైందో లేదో వారం తర్వాత స్టేట్‌మెంట్‌లో చూడండి. కాకపోతే బిల్లు నంబరు, తేదీ రాసి హోటల్‌కు ఈమెయిల్ పెట్టండి, బ్యాంకుకూ ఒక కాపీ పంపండి.